వన్యప్రాణి చదువు: ఆ జీతాల పట్టికలో మన పిల్లల లెక్క ఉండదు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నేలపట్టులో గూడబాతులను చూసి వచ్చినప్పటి నుంచి వన్యప్రాణి సంరక్షణే చదువుతానంటోంది. ఈ డిగ్రీ చేసినవారు తొలి సంవత్సరాల్లో ఎంత సంపాదిస్తున్నారో కాలేజీల వారీగా చూపే అమెరికా పట్టిక ఒకటి చూశాను. అందులో పైనున్న కాలేజీకి పంపాలంటే రొయ్యల చెరువు తాకట్టు పెట్టాలి. పెట్టమంటారా?

జవాబు: అయ్యా, తాకట్టుకు ముందు ఆ అంకెలు ఎవరివో చూద్దాం. అమెరికాలో కోర్సుల వారీగా, కాలేజీల వారీగా ఆదాయాలను ప్రకటించేది అక్కడి విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్. ఇటువంటి పట్టికలు తరచుగా దాని నుంచే తయారవుతాయి. అందులోని ఆదాయపు లెక్కకు వచ్చేది అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి విద్యారుణమో ఆర్థిక సాయమో పొందిన విద్యార్థులు మాత్రమే. విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ఆ సాయం పొందే అర్హత లేదు కనుక, మన పిల్లలు అక్కడ మంచి జీతానికి కుదిరినా, ఉద్యోగం దొరక్క తిరిగి వచ్చినా ఆ అంకె మారదు. పైగా వన్యప్రాణి శాస్త్రం చదివి బీమా కంపెనీలో చేరినవారి జీతం కూడా అదే లెక్కలో కలుస్తుంది. కాలిఫోర్నియాలో స్థిరపడినవారి జీతం పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడి ఇంటి అద్దె మాత్రం పట్టికలో కనిపించదు. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాల్లోని అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు సాధారణంగా ఆ దేశ పౌరులకే ఇస్తారన్నది మీకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

మన దేశంలో ఈ రంగపు తొలి జీతాన్ని కాలేజీ పేరు కంటే పోస్టే నిర్ణయిస్తుంది. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన ప్రాజెక్టులో జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం ఇస్తున్నారు. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ చేసినా, తమిళనాడులోని మయిలాడుతురై ఏవీసీ కాలేజీలో చేసినా ఆ మొత్తం ఒకటే. తేడా ఎక్కడ వస్తుందంటే, మొదటి సంస్థ విద్యార్థులు చదువుతుండగానే అడవుల్లో నెలల తరబడి పనిచేసి, ప్రాజెక్టులు నడిపే శాస్త్రవేత్తలకు ముందే తెలిసి ఉంటారు. అయితే ఆ ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి. ఒక ప్రాజెక్టుకూ మరొకదానికీ మధ్య ఖాళీగా గడిచే నెలలను ఏ జీతాల పట్టికా చూపదు. నన్నడిగితే తల్లిదండ్రులు ముందుగా లెక్కవేసుకోవలసింది వాటినే.

స్థిరమైన జీతం కావాలంటే అటవీశాఖే దిక్కు. మన రాష్ట్రంలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ మూలవేతనం 25,220 రూపాయలతో మొదలవుతుంది, దానికి ఇంటర్ చాలు. సెక్షన్ ఆఫీసర్‌కు 32,670 రూపాయలు, రేంజ్ ఆఫీసర్‌కు దాదాపు 48 వేలు. ఈ రెండింటికీ డిగ్రీ కావాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో 56,100 రూపాయలతో మొదలవుతుంది. ఆ పరీక్ష రాయడానికి జంతుశాస్త్రమో వృక్షశాస్త్రమో ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ సరిపోతుంది కనుక, నెల్లూరులో బీఎస్సీ చదివిన అమ్మాయికీ విదేశాల్లో చదివి వచ్చిన అమ్మాయికీ అక్కడ తేడా లేదు.

అందువల్ల డిగ్రీ కోసం చెరువు తాకట్టు పెట్టవద్దనే నా అభిప్రాయం. ఇక్కడే జంతుశాస్త్రంతో బీఎస్సీ చదివించండి, లేదా సీయూఈటీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయించి వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటాలో బీఎస్సీ ఫారెస్ట్రీకి ప్రయత్నించనివ్వండి. ఆ తరువాత కూడా ఆమెకు అమెరికా మీదే మనసుంటే, అక్కడి విశ్వవిద్యాలయాల్లో పరిశోధనతో కూడిన మాస్టర్స్‌కు రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం ఉంది. అందులో చాలావరకు ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా భృతి కూడా వస్తుంది. అసిస్టెంట్‌షిప్ ఇవ్వని సీటును వదులుకోవడమే మేలు.

అమ్మాయికి మరొక మాట. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు ఎంపికయ్యే మహిళలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి. కావలి నుంచి తుమ్మలపెంట సముద్రం వైపు నడిస్తే ఆ నడక ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. ఒక ఆదివారం తెల్లవారుజామున మీరూ వెంట వెళ్లి చూడండి.