ట్యాంకు నుంచి సంప్‌కి: డ్రెయిన్ పైపు సందేహాలు

ప్రశ్న: మాది నాలుగు అడుగుల అక్వేరియం. ఓవర్‌ఫ్లో బాక్సులో (ట్యాంకు పై నీళ్లు పొర్లి పడే చిన్న గదిలో) రెండు రంధ్రాలున్నాయి. ఒకదాని నుంచి అంగుళం పైపు సంప్‌లోకి (ట్యాంకు కింద మోటారు ఉండే రెండో తొట్టిలోకి) దిగుతుంది, రెండోదాని గుండా మోటారు నీళ్లు పైకి వస్తాయి. రెండు మూడు నిమిషాలకోసారి డ్రెయిన్ పైపు గుడగుడమంటూ నీళ్లన్నీ ఒక్కసారిగా లాగేస్తోంది. బాల్ వాల్వు సగం మూస్తే ఒక పూట బాగుంటోంది, మళ్లీ మొదలవుతోంది.

జవాబు: ముందు ఆ వాల్వు పూర్తిగా తెరిచేయండి. ఉన్నదే ఒక్క డ్రెయిన్ అయినప్పుడు దాన్ని సగం మూసి ఉంచడం ప్రమాదం. నత్తో, ఆకు ముక్కో ఆ సందులో ఇరుక్కుంటే మోటారు ఎత్తిపోసే నీళ్లు నేల మీదికే వస్తాయి.

ఇక చప్పుడు సంగతి. నీళ్లు పైపు గోడల వెంట జారుతూ, మధ్యలో గాలి ఆడుతూ ఉండటం ఒక తీరు. పైపు నిండా నీళ్లే ఉండి సైఫన్ పట్టడం ఇంకో తీరు. మీ పైపు ఈ రెండింటి మధ్య ఊగుతోంది. సైఫన్ పట్టగానే మోటారు ఇచ్చే దానికన్నా ఎక్కువ లాగుతుంది. బాక్సులో మట్టం పడిపోతుంది, పైపు నోరు గాలి పీలుస్తుంది, సైఫన్ తెగుతుంది, మట్టం మళ్లీ పెరుగుతుంది. సగం మూసిన వాల్వు దీన్ని కాసేపు కుదురుస్తుంది. పైపు లోపల పాచి పట్టినా, మోటారు జోరు కాస్త మారినా ఆ లెక్క తప్పుతుంది.

రెండు రంధ్రాలూ డ్రెయిన్‌కే వాడండి. మోటారు పైపును ట్యాంకు అంచు మీదుగా తెచ్చుకోవచ్చు. ఈ అమరికను హెర్బీ పద్ధతి అంటారు. మొదటి పైపు సైఫన్‌ది: నోటికి జాలీ, కింద సంప్ దగ్గర గేట్ వాల్వు. రెండోది అత్యవసర పైపు: నోరు పైకి తెరిచి ఉండాలి, ఓవర్‌ఫ్లో దువ్వెన (నీళ్లు బాక్సులోకి పొర్లే పళ్ల అంచు) పళ్ల అడుగుకు 3-4 సెంటీమీటర్లు కిందుగా. దీనికి వాల్వూ వద్దు, జాలీ కూడా వద్దు. సైఫన్ నోరు దీనికంటే కనీసం 15 సెంటీమీటర్లు కింద ఉంటే గాలి పీల్చదు.

బాల్ వాల్వు పిడి పావు చుట్టుకే మొత్తం మూసుకుంటుంది కాబట్టి సన్న సర్దుబాటు దానితో కుదరదు. గేట్ వాల్వు చక్రం చాలా చుట్లు తిరుగుతుంది. వాల్వు పూర్తిగా తెరిచి మోటారు వేయండి. పైపులో గాలి పోయాక కొద్దికొద్దిగా మూస్తూ, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. బాక్సులో మట్టం అత్యవసర పైపు నోటిదాకా వచ్చి, దాని అంచు మీదుగా సన్నటి ధార జారుతుంటే ఆపేయండి.

సైఫన్ పైపు కింది చివర సంప్ నీటిలో 2-3 సెంటీమీటర్లే మునగాలి. లోతుగా ముంచితే లోపలి గాలి బయటికి పోలేక సైఫన్ పట్టదు. చాలామంది వాల్వును తప్పుపడతారు గానీ, ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. అత్యవసర పైపు చివర మాత్రం నీటికి పైనే ఉంచండి. అందులో ధార పెరిగితే ఆ చప్పుడే మీకు హెచ్చరిక.

చివరగా గేట్ వాల్వు పూర్తిగా మూసి పది నిమిషాలు దగ్గరే నిలబడి చూడండి. మోటారు నీళ్లన్నీ అత్యవసర పైపు ఒక్కటే మోయాలి. మోయలేకపోతే మోటారు జోరు తగ్గించాల్సిందే.

ప్రశ్న: అద్దం రంధ్రంలో పైపును బిగించే ట్యాంక్ కనెక్టర్ దగ్గర చుక్క చుక్క కారుతోంది. వాషరు ఏ వైపు వేయాలి? సిలికాన్ రాస్తే ఆగుతుందా?

జవాబు: వాషరు ట్యాంకు లోపల, కనెక్టర్ అంచుకూ అద్దానికీ మధ్య ఉండాలి. నట్టు బయట. చేతితో గట్టిగా బిగించి, ఆపైన పావు చుట్టు, అంతే. రెంచితో బలం పెడితే అద్దం చీలుతుంది. వాషరుకు సిలికాన్ రాయకండి, బిగించేటప్పుడు రబ్బరు పక్కకు జారిపోతుంది. వాషరు కూర్చునే చోట పాత సిలికాన్ పొర గానీ, ఇసుక రేణువు గానీ మిగిలినా కారుతుంది. బ్లేడుతో గీకి శుభ్రం చేయండి.

అయితే కారేది నిజంగా అక్కడేనా? పొడి టిష్యూ కాగితం ఒక్కో జాయింటు చుట్టూ చుట్టి చూడండి. ముందు తడిసినదే అసలు చోటు. మరజాయింటు అయితే టెఫ్లాన్ టేపు మగమర మీద, బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు చాలు. ఎక్కువ చుట్టి బిగిస్తే ప్లాస్టిక్ ఆడమర పగులుతుంది.

సొల్యూషన్ (పైపు జిగురు) జాయింటు అయితే విప్పడం కుదరదు, కోసి కొత్తది వేయాలి. ముందు అన్నీ పొడిగా అమర్చి, పైపు మీదా ఎల్బో మీదా కలిసేలా పెన్నుతో ఒక గీత గీయండి. సొల్యూషన్ రెండు వైపులా రాసి, గీతకు పావు చుట్టు ఎడంగా దూర్చి, తిప్పుతూ గీతలు కలపండి. అరనిమిషం వదలకుండా పట్టుకోండి, లేదంటే పైపు వెనక్కి తోసుకొస్తుంది. 24 గంటల తర్వాతే నీళ్లు వదలండి.

ప్రశ్న: కరెంటు పోగానే సంప్ పొర్లింది. నీళ్లు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు వేస్తే సరిపోతుందా?

జవాబు: దాన్ని నమ్ముకోకండి. ఒక ఇసుక రేణువు అడ్డం పడినా అది మూసుకోదు. మోటారు ఆగగానే పైకి తోసే పైపే వెనక్కి సైఫన్‌గా మారి, దాని నోరు బయటపడేదాకా నీళ్లు లాగుతుంది. 120×45 సెంటీమీటర్ల ట్యాంకులో ఆ నోరు 3 సెంటీమీటర్లు మునిగి ఉంటే 16.2 లీటర్లు దిగుతాయి. 75×35 సంప్‌లో అది 6 సెంటీమీటర్లకు పైనే పెరుగుదల. బాక్సులోవీ పైపుల్లోవీ అదనం. నోటిని నీటిమట్టానికి సెంటీమీటరు లోతులోకి తెస్తే ఈ దారిన పోయేది బాగా తగ్గుతుంది. దువ్వెన మీదుగా దిగేది మాత్రం తప్పదు.

సంప్‌లో మోటారు నడిచేటప్పటి మట్టం ఎంత ఉండాలో ఇలా తేల్చుకోండి. మోటారు కాసేపు నడిపి ఆపండి, పై నీళ్లన్నీ దిగనివ్వండి. అప్పుడు సంప్ అంచుకు 4-5 సెంటీమీటర్లు తక్కువగా నింపండి. మళ్లీ మోటారు వేసి, మట్టం నిలిచిన చోట టేపు అంటించండి. ఆ టేపు దాటి ఎప్పుడూ నింపకూడదు.

దీనికి తిరగేసిన లెక్క కూడా చూసుకోవాలి. డ్రెయిన్లన్నీ మూసుకుపోతే సంప్‌లో మోటారు ఉండే గది ఖాళీ అయ్యేదాకా నీళ్లు పైకే పోతాయి. 25×35 గదిలో మోటారు పైన 15 సెంటీమీటర్ల నీళ్లుంటే 13 లీటర్లు. ఇదే ట్యాంకులో మట్టం 2.4 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంచు దగ్గర ఆ చోటు ఉందో లేదో కొలవండి.

ప్రశ్న: అడుగు అద్దానికి రంధ్రం చేయవచ్చా?

జవాబు: అది టెంపర్డ్ అద్దమైతే వద్దు, డ్రిల్లు తగలగానే మొత్తం ముక్కలవుతుంది. తెల్లటి ల్యాప్‌టాప్ తెర ముందు అద్దాన్ని ఉంచి, పోలరైజ్డ్ కళ్లజోడుతో చూడండి. మచ్చలు, చారలు కనిపిస్తే టెంపర్డ్. మామూలు అద్దమైతే డైమండ్ హోల్ సా, తక్కువ వేగం, ఆగకుండా నీళ్లు. అంచు నుంచి రంధ్రం వ్యాసమంత దూరమైనా వదలండి. చివరి మిల్లీమీటర్లలో చేతి బరువు పూర్తిగా తగ్గించండి, అద్దం పెచ్చు లేచేది అప్పుడే.