పడిపోవడానికి ముందు ఏం కావాలో రాయి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. ఇటలీ నాటక రచయిత గోల్డోనీ 'ఇద్దరు యజమానుల సేవకుడు' నాటకాన్ని ఈ కాలానికి తేవాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. డైలాగులు చలాకీగా ఉన్నాయి. ఇబ్బందంతా బ్రాకెట్లలో ఉంది. 'జారి పడతాడు', 'తలుపుకు గుద్దుకుంటాడు', 'మళ్లీ పడతాడు' అని ప్రతి పేజీలోనూ రాశావు. చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. స్టేజ్ మీద కూడా రాదేమోనని భయంగా ఉంది.

ఒక మనిషి ఊరికే పడితే జనం ఒకసారి నవ్వుతారు, అంతే. ఆ క్షణంలో అతనికి ఏదో గట్టిగా కావాలి, పడితే అది చేజారిపోతుంది, ఆ సంగతి మనకు ముందే తెలుసు. అప్పుడు పడకముందే నవ్వు మొదలవుతుంది. విందు సీను మళ్లీ చూడు. సేవకుడు ట్రుఫాల్డినో ఇద్దరు యజమానులకూ ఒకేసారి వడ్డించాలి. ఒకరి సంగతి మరొకరికి తెలియకూడదు. పైగా అతని కడుపే కాలిపోతోంది. ఇక అతన్ని పరిగెత్తించడానికి నువ్వు బ్రాకెట్ పెట్టనక్కర్లేదు.

గోల్డోనీ 1740లలో ఈ నాటకాన్ని అంతోనియో సాక్కీ అనే నటుడి కోసం మొదలుపెట్టినప్పుడు, చాలా సీన్లకు కథ నడక మాత్రం ఇచ్చి మిగతాది నటులకు వదిలేశాడు. పూర్తి పాఠం తర్వాత రాసుకున్నాడు. అందుకే ఇవాళ మనం చదివే ఆ మాటల్లో నటుల ఒళ్లు కూడా ఉందని నా నమ్మకం. 2011లో రిచర్డ్ బీన్ ఇదే కథను 'వన్ మ్యాన్, టూ గవ్నర్స్'గా తిరగరాస్తే, లండన్ నేషనల్ థియేటర్ దాని ఫిజికల్ కామెడీని, అంటే ఒంటి కదలికలతో నవ్వించే భాగాన్ని, చూసుకోవడానికి కాల్ మెక్‌క్రిస్టల్‌ను ప్రత్యేకంగా పెట్టుకుంది. బీన్ అందులో 87 ఏళ్ల వెయిటర్‌ను పెట్టాడు. పాపం, చేతులు వణుకుతుంటాయి. అలాంటి వాడి చేతికి సూపు గిన్నె ఇప్పించడం రచయిత పని. అది ఎలా ఒలకాలో, ఎంతసేపు ఒలక్కుండా ఊరించాలో రిహార్సల్‌లో తేలుతుంది.

అసలు ఎవరూ పడకుండానే ఒంటితో నవ్వించే సీను కావాలంటే ఫ్రెంచ్ నాటక రచయిత మోలియేర్ 'టార్టఫ్' నాలుగో అంకం చదువు. టార్టఫ్ భక్తి నటించే మోసగాడు, ఆర్గాన్ వాణ్ని గుడ్డిగా నమ్మిన ఇంటి యజమాని. ఆర్గాన్ బల్ల కింద దాక్కుంటాడు. వాడి అసలు రంగు మొగుడికి చూపించాలని అతని భార్య ఎల్మీర్ టార్టఫ్‌ను మాటల్లో పెడుతుంది. వాడు మీదమీదకు వస్తుంటే, ఇక బయటికి రమ్మని మొగుడికి దగ్గుతో సైగ చేస్తుంది. మొగుడు కదలడు. మళ్లీ దగ్గుతుంది. టార్టఫ్ పాపం అనుకుని దగ్గుకు మందులాంటి బిళ్ల ఇవ్వబోతాడు! రాతలో ఉన్నది దగ్గు, బల్ల, రాని మొగుడు. ఎల్మీర్ బల్లను ఎప్పుడు తడుతుంది, టార్టఫ్ ఎంత దగ్గరికి వస్తాడు, గుడ్డ కింద ఏదైనా కదులుతుందా అన్నది ప్రతి కొత్త ప్రదర్శనా తనకు తానే కనిపెట్టుకోవాలి. మొగుడు బయటికి వచ్చేది, ఆర్గాన్‌ను ముక్కు పట్టుకుని నడిపించవచ్చని టార్టఫ్ అన్నాకే. భార్య పరువు కదిలించలేకపోయిన మనిషిని ఆ మాట కదిలించింది. ఆర్గాన్ ఎలాంటివాడో అతని ఒళ్లే చెప్పేసింది. ఈ సీను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నటుల కదలికలను తీర్చిదిద్దే మూవ్‌మెంట్ డైరెక్టర్ నిన్ను అడిగే ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి. తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? చేతిలో బరువెంత? ఎవరు ఎవరిని చూడగలరు? విసుక్కోకు. వాళ్లు పడటాన్ని కూడా మెల్లగా, అడుగు అడుగు విడదీసి సాధన చేయిస్తారు, ఎందుకంటే నటుడు రేపు రాత్రి కూడా దెబ్బ తగలకుండా అలాగే పడాలి.

ఇంకొకటి, ఇది రాసేవాళ్లు తరచూ మరిచిపోతారు. పెద్ద నవ్వు వచ్చే చోట కథకు అవసరమైన మాట పెట్టకు. హాలు నవ్వుతుంటే ఆ మాట ఎవరికీ వినపడదు, తర్వాతి సీను అర్థం కాదు.

రెండో అంకంలో 'పడతాడు' అన్నవన్నీ కొట్టెయ్. వాటి బదులు అతని చేతిలో ఏముంది, ఎవరికి భయపడుతున్నాడు, ఎటు వెళ్లాలనుకుంటున్నాడు అని రాసి మూవ్‌మెంట్ డైరెక్టర్‌కు ఇవ్వు. రిహార్సల్‌లో కూర్చో. వాళ్లు కనిపెట్టింది నీ డైలాగ్ కంటే బాగుంటే ఆ డైలాగ్ తీసెయ్. ఆ తర్వాత నాకు పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య