పాత అమెరికా ఇంటి గోడలో ఐసుపెట్టె ద్వారబంధం: తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న: "షికాగో శివారులో 1920లలో కట్టిన ఇటుక బంగళా కొన్నాము. వంటగదిని ఆనుకొని ఉన్న చిన్న సామాన్ల గదిలో, వెనుక వరండా వైపు గోడకు, ఛాతీ ఎత్తులో ఇనుప ద్వారబంధంతో ఒక చిన్న తలుపు ఉంది. బయటినుంచి తెరిస్తే లోపల ఖాళీ, ఆ వెనుక ఒక చెక్క పలక మాత్రమే ఉన్నాయి. చలికాలంలో అక్కడినుంచి చల్లగాలి వస్తోంది, గోడ చెమ్మగిల్లుతోంది. ఇది ఏమిటి? పీకేసి గోడ కట్టించమంటారా?"

మీరు వర్ణించినది ఐసుపెట్టెకు (కరెంటు ఫ్రిజ్ రాకముందు ఐసుగడ్డతో ఆహారాన్ని చల్లగా ఉంచిన బీరువాలాంటి పెట్టె) బయటినుంచి ఐసు వేయడానికి గోడలో వదిలిన కంత, దానికి బిగించిన ద్వారబంధం. మా ఇల్లు కూడా ఆ కాలపు షికాగో బంగళాయే. అటువంటి ద్వారబంధమే మా వెనుక వరండాలోనూ ఉంది, దానిని తీయకుండానే బాగుచేసుకున్నాము. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: లోహం పుచ్చి చిల్లులు పడితే తప్ప ద్వారబంధం జోలికి వెళ్ళవద్దు. మీకు చలి వస్తున్నది ప్రధానంగా తలుపు రెక్కనుంచి కాదు, ద్వారబంధానికీ ఇటుకకూ మధ్యనున్న సందునుంచి, దాని వెనుక ఎవరూ పూడ్చకుండా వదిలేసిన బోలునుంచి. ఆ రెండింటినీ సరిచేస్తే గోడ పగలగొట్టవలసిన అవసరం రాదు.

అయితే అది నిజంగా ఐసు తలుపేనా అన్నది మొదట తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ కాలపు ఇళ్ళ గోడలలో ఇనుప తలుపులు నాలుగైదు రకాలు ఉండేవి. నేల మట్టానికి దగ్గరగా, నేలమాళిగలోకి తెరుచుకునేది బొగ్గు వేసే తలుపు. పొగగొట్టం అడుగున జానెడు మాత్రమే ఉండేది బూడిద తీసే తలుపు. గోడకు లోపలా బయటా రెండు రెక్కలుండి, మధ్యలో సీసాలు పట్టేంత చిన్న అర ఉంటే అది పాలవాడి తలుపు. ఐసు తలుపు వీటికంటే పెద్దది. దానికి బయటవైపు రెక్క మాత్రమే ఉంటుంది, లోపలివైపు రెక్క అంటూ విడిగా ఉండదు, ఎందుకంటే లోపల గోడకు ఆనించి నిలబెట్టిన ఐసుపెట్టె వీపే ఆ కంతను మూసేది. ఛాతీ ఎత్తులో ఉండటానికి కారణం కూడా అదే. చల్లగాలి బరువుగా ఉండి కిందికి దిగుతుంది కనుక చాలా ఐసుపెట్టెలలో ఐసు అర పై భాగంలో ఉండేది, ఆ అర ఎత్తుకు సరిపోయేలా గోడలో కంత వదిలేవారు.

ఐసు తెచ్చేవాడు బురద బూట్లతో వంటింట్లోకి రాకుండా, ఇంట్లో ఎవరూ లేకపోయినా గడ్డ వేసి వెళ్ళిపోయేందుకు వీలుగా ఈ ఏర్పాటు పుట్టింది. ఎంత కావాలో చెప్పడానికి గృహిణులు కిటికీలో ఒక అట్ట పెట్టేవారు. దాని నాలుగు అంచుల మీదా 25, 50, 75, 100 అని పౌండ్లు అచ్చువేసి ఉండేవి, కావలసిన అంకె పైకి వచ్చేలా అట్టను తిప్పి నిలబెడితే చాలు. ఇండియానా రాష్ట్రంలోని కెండల్‌విల్‌లో ఐసుపెట్టెలు తయారుచేసిన మెక్రే కంపెనీ, బయటినుంచి ఐసు వేసుకునే ఈ సౌకర్యాన్ని తన ప్రకటనలలో ప్రత్యేకంగా చెప్పుకునేది. చలికాలంలో ఆ చిన్న తలుపు తీసి ఉంచితే ఐసు కొనకుండానే పెట్టె చల్లగా ఉండేదన్నది అదనపు లాభం. అప్పుడు లాభమైన ఆ చలే ఇప్పుడు మీ గదిలోకి వస్తోంది.

చెక్క ద్వారబంధం పెట్టకుండా లోహం ఎందుకు వాడారంటే, అక్కడ పడే దెబ్బ అలాంటిది. 50 పౌండ్ల గడ్డ అంటే దాదాపు 23 కిలోలు. దానిని ఇనుప పటకారుతో పట్టుకొని, గడపమీద ఆనించి, లోపలికి తోసేవారు. ప్రతిసారీ గడప తడిసేది, పటకారు కొనలు అంచులకు తగిలేవి. చెక్కయితే కొద్ది ఏళ్ళలోనే చివికిపోయేది. అందుకే కొన్ని ఇళ్ళలో పోత ఇనుము, మరికొన్నిటిలో జింకు పూత పూసిన ఉక్కురేకు వాడారు. రేకును గోడ మందమంతా లోపలికి గొట్టంలా వంచి, బయట ఇటుకమీద అంచు పరుచుకునేలా చేసేవారు. తలుపు రెక్క లోపల ఉష్ణం చొరబడకుండా బెండు గాని, రంపపు పొట్టు గాని కూరేవారు. మద్రాసు ట్రిప్లికేన్‌లోని ఐస్ హౌస్ తెలుగువారికి కొత్త కాదు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడలలో పంపిన ఐసును నిలవ చేయడానికి 1842లో కట్టిన ఆ భవనానికి ఐసు సముద్రాలు దాటి కరగకుండా చేరింది కూడా రంపపు పొట్టు పుణ్యాననే. మీ తలుపు రెక్కలో పొట్టు కనబడితే ఆశ్చర్యపడకండి. అది పొడిగా ఉంటే ఉండనివ్వండి, తడిసి ముద్దయితే మాత్రం తీసి పారేయండి.

ఇక పనిలోకి వస్తే, గోకడానికి ముందే చేయవలసినది రంగు పరీక్ష. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, 1920ల నాటి ఇనుప ద్వారబంధం మీద అది లేకపోతేనే విశేషం. ఇంట్లో చిన్న పిల్లలో, గర్భిణులో ఉంటే ఈ పని స్వయంగా చేయకుండా, సీసపు రంగు విషయంలో అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) ధ్రువీకరణ పొందిన వారికే అప్పగించండి. స్వయంగా చేసుకునేవారు పొడిగా రాపిడి చేయకూడదు. నీళ్ళు చిలకరిస్తూ తడిమీదే గోకాలి, కింద మందపాటి ప్లాస్టిక్ పరచాలి, రాలిన పొరలను అప్పటికప్పుడే మూటకట్టాలి. నిప్పుతో కాల్చి రంగు ఊడదీసే పద్ధతి ఇక్కడ అసలు పనికిరాదు, సీసం ఆవిరై ఊపిరిలోకి పోతుంది.

తరువాత లోహం ఏదో గుర్తించాలి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సలహా ఇచ్చేవారు చాలామంది "ప్రైమర్ కొట్టి ఆయిల్ పెయింట్ వేయండి" అని తేల్చేస్తారు. పోత ఇనుము మందంగా, గరుకుగా ఉంటుంది. తట్టితే మొద్దుగా మోగుతుంది. దాని మీద ఆయిల్ పెయింటు చక్కగా నిలుస్తుంది. జింకు పూత ఉన్న రేకు సంగతి వేరు. ఆయిల్ పెయింటులోని నూనె పదార్థం జింకుతో కలిసి రంగుకూ లోహానికీ మధ్య సబ్బులాంటి పొరగా మారుతుంది, దానితో కొద్ది కాలానికే రంగు పెద్ద పెద్ద పెచ్చులుగా లేచిపోతుంది. మీ ద్వారబంధం మీద రంగు చేతితో లాగితే ఊడి వస్తూ, కింద తుప్పు బదులు బూడిదరంగు లోహం కనిపిస్తోందా? అయితే కారణం ఇదే. జింకు రేకుకు నీటితో కలిసే ఆక్రిలిక్ ప్రైమరు, ఆపై ఆక్రిలిక్ రంగు వాడాలి. అయస్కాంతంతో ఈ తేడా తెలియదు, ఇనుమూ ఉక్కురేకూ రెండూ అంటుకుంటాయి. మరమ్మతు కోసం రాగిరేకు ముక్క తెచ్చి జింకు రేకుకు తగిలేలా బిగించడం కూడా వద్దు, తడి తగిలినప్పుడల్లా జింకు కరిగిపోతుంది.

చెమ్మ సంగతి. గదిలో 20 డిగ్రీల సెల్సియస్ వేడి, 40 శాతం తేమ ఉన్నాయనుకుందాము. అటువంటి గాలి సుమారు 6 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలాన్ని తాకినా నీరుగా మారుతుంది. ఉక్కు చెక్కకంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది కనుక, షికాగో జనవరి రాత్రిలో గోడ గుండా లోపలి అంచు దాకా వచ్చిన ఆ రేకు గొట్టం బయటి చలినంతా లోపలికి మోసుకొస్తుంది. మంచు ముద్దలు పట్టిన ఫ్రిజ్ అరను గదిలోకి తెరిచి పెట్టినట్టే అనుకోండి. అందువల్ల పరిష్కారం బయట కాదు, లోపలివైపునుంచి, గది గాలి ఆ లోహాన్ని తాకకుండా చేయడంలో ఉంది.

మేము చేయించినది ఇలా ఉంది. లోపలి చెక్క పలక తీసి, బోలులోని చెత్త ఊడ్చి, గొట్టం కొలతకు కొద్దిగా తక్కువగా రెండంగుళాల మందపు గట్టి ఫోమ్ పలకలు రెండు కోసి, ఒకదాని వెనుక ఒకటి అమర్చాము. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరీన్) రకం ఫోమ్‌కు అంగుళానికి ఆర్-5 (ఉష్ణాన్ని ఆపే శక్తికి కొలత, అంకె పెరిగితే మంచిది) చొప్పున లెక్క, అంటే నాలుగంగుళాలకు ఆర్-20. ఆ చుట్టుపక్కల ఇటుక గోడకే అంత ఉండదు. చుట్టూ మిగిలిన సందును కిటికీలకు, తలుపులకు వాడే తక్కువ ఉబ్బే స్ప్రే ఫోమ్‌తో నింపించాము. మామూలు స్ప్రే ఫోమ్ ఉబ్బి రేకును వంచేస్తుంది, అప్పుడు బయటి రెక్క మూసుకోదు. లోహపు లోపలి అంచు మీదికి కూడా ఫోమ్ ముక్క వచ్చేలా చూసుకోవాలి. దీనిని పనివారు తరచు వదిలేస్తారు, చెమ్మ సరిగ్గా ఆ అంచు దగ్గరే పుడుతుంది. చివరగా అర అంగుళం జిప్సం బోర్డు తప్పనిసరి. ఫోమ్‌ను గదివైపు బయటికి కనబడేలా వదిలేయడం నిప్పు విషయంలో ప్రమాదం, భవన నిబంధనలూ ఒప్పుకోవు.

బయటవైపు ద్వారబంధం అంచుకూ ఇటుకకూ మధ్య సందును పైనా రెండు పక్కలా సీలెంటుతో మూయండి. కింది అంచును మాత్రం మూయవద్దు. ఎంత మూసినా వానలో కొంత నీరు రెక్క వెనక్కి చేరుతుంది, దానికి బయటికి పోయే దారి అదొక్కటే. ఆ దారి మూసేస్తే నీరు గడపలో నిలిచి, ఇంతకాలం నిలిచిన రేకును అడుగునుంచి తినేస్తుంది.

చాలామంది పట్టించుకోనిది నేలలోని గొట్టం. 50 పౌండ్ల గడ్డ పూర్తిగా కరిగితే దాదాపు 23 లీటర్ల నీరు వస్తుంది. మనం ఏసీని ఒకటిన్నర టన్నులు, రెండు టన్నులు అంటున్నామే, ఆ టన్ను కూడా ఒక రోజంతా ఒక అమెరికా టన్ను (2,000 పౌండ్లు) ఐసు కరిగితే వచ్చే చల్లదనమే. ఆ లెక్క ఐసు కాలంలోనే పుట్టింది. ఐసుపెట్టె నీటిని కొందరు కింద పళ్ళెంలో పట్టి పారబోసేవారు, మరికొందరు నేలకు కంత చేసి గొట్టంతో నేలమాళిగలోని తూముకో, బయటికో పంపేవారు. మీ సామాన్ల గదిలో కంత కింద, గోడకు దగ్గరగా, నేలమీద రేకు ముక్కతోనో బిరడాతోనో మూసిన గుండ్రని జాగా ఉందేమో చూడండి. ఆ గదిలో ఎప్పుడైనా మురుగు వాసన వస్తుంటే, ఆ పాత గొట్టం వంపులో వాసనను అడ్డుకునే నీరు ఎండిపోయి తూము గాలి పైకి వస్తుండవచ్చు. ప్లంబరును పిలిచి దానిని కింద తూము దగ్గరే మూయించాలి, పైన బిరడా బిగించి సరిపెట్టకూడదు.

ద్వారబంధాన్ని తీసేయక తప్పని పరిస్థితి ఒకటుంది: గడప రేకు చిల్లులు పడి, కింది ఇటుకలు నానుతూ పొడి రాలుతుంటే. అప్పుడు కూడా ముందుగా కంత పైన ఉక్కు లింటల్ (పై ఇటుకల బరువు మోసే అడ్డకమ్మి) ఉందా, ఇటుకలే నిలువుగా పేర్చారా అన్నది చూడాలి. పై ఇటుకల బరువు సాధారణంగా ఆ లింటల్ మీదే ఉంటుంది, రేకు ద్వారబంధం మీద ఉండదు, అయినా లింటల్ తుప్పుపట్టి కుంగిన చోట్ల ద్వారబంధమే ఆసరాగా మారి ఉండవచ్చు. కంత పూడ్చేటప్పుడు కొత్త ఇటుకలను పాత వరుసలతో పళ్ళు కలిపి కట్టించండి. సిమెంటు పాలు ఎక్కువైన గట్టి మోర్టారు (ఇటుకల మధ్య వేసే గార) వద్దు. షికాగో పాత ఇటుక మెత్తనిది, గట్టి మోర్టారు పక్కన తడికీ మంచుకూ ముందు ఇటుకే పగులుతుంది. సున్నం కలిసిన మెత్తని మోర్టారు అడగండి. మీ వీధి చారిత్రక ప్రాంతంగా గుర్తింపు పొంది ఉంటే, బయటి గోడలో ఏ మార్పుకైనా ముందుగా అనుమతి కావాలి. తలుపును ఉంచి లోపల మూసుకోవడానికి సాధారణంగా ఆ తలనొప్పి ఉండదు.

కొందరు దానిని అమెజాన్ పెట్టెలు అందుకునే అరగా మార్చుకుంటారు. ఆలోచన బాగానే ఉంటుంది గాని, లోపలివైపు కూడా తెరుచుకునే తలుపు పెడితే మళ్ళీ గాలి, చెమ్మ మొదటికి వస్తాయి. పైగా రెండడుగుల కంతలో పిల్లవాడు దూరగలడని మరచిపోవద్దు. బయటి అరగా మాత్రమే వాడుకుని, వెనుక ఫోమ్‌ను కదపకుండా ఉంచితే అభ్యంతరం లేదు, అప్పుడు ఫోమ్ ముందు ఒక రేకు పలక బిగిస్తే చాలు. వాడకపోతే బయటి రెక్కకు లోపలినుంచి రెండు స్క్రూలు వేసి కదలకుండా చేయించండి, స్టెయిన్‌లెస్ స్క్రూలైతే తుప్పు మరకలు రావు.

మీ తలుపుకు గొళ్ళెం విరిగిందో పోయిందో అయితే, పాత ఇళ్ళ సామాను అమ్మే దుకాణాలలో అటువంటివి దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు ఫోటో ఒక్కటే సరిపోదు: స్క్రూ రంధ్రాల మధ్య దూరం, రెక్క మందం, బందులు కుడివైపున్నాయా ఎడమవైపున్నాయా అన్నవి రాసుకొని వెళ్ళండి. కుడి ఎడమలు తేడా వస్తే ఆ గొళ్ళేలు పట్టవు.