6 లక్షల భూమికి 22 లక్షల డిడక్షన్ నిలుస్తుందా?

ప్రశ్న: 2020లో ఆరుగురు మిత్రులం ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల సంస్థ) పెట్టుకుని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 40 ఎకరాలు 6 లక్షల డాలర్లకు కొన్నాం. 2024 మార్చిలో ఒకరు తప్పుకుంటే ఆ వాటాను మా బావమరిది అసలు ధరకే తీసుకున్నాడు. ఆ భూమిలో ఎన్నటికీ నిర్మాణాలు చేపట్టబోమని ల్యాండ్ ట్రస్ట్‌కు (భూములను పరిరక్షించే సంస్థకు) కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ రాసిస్తే 22 లక్షల డాలర్ల డిడక్షన్ (పన్ను లెక్కించే ఆదాయంలోంచి తగ్గింపు) వస్తుందని అప్రైజర్ (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) అంటున్నారు. రాసివ్వవచ్చా?

జవాబు: ఇప్పుడే రాసివ్వవద్దు. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, మీలాంటి భాగస్వామ్య సంస్థ చూపే డిడక్షన్ భాగస్వాములు ఆ భూమిపై పెట్టిన సొమ్ముకు రెండున్నర రెట్లు, అంటే మీ విషయంలో సుమారు 15 లక్షల డాలర్లు దాటితే, దాటినంత మేరకు కోత పడటం కాదు, మొత్తం డిడక్షనే చెల్లదు. పైగా తక్కువ కట్టిన పన్నుపై 40 శాతం పెనాల్టీ పడుతుంది. మూడేళ్లు నిండితే ఈ పరిమితి వర్తించదన్నది నిజమే. అయితే ఆ గడువు భూమి కొన్న రోజు నుంచే కాక, భాగస్వాముల్లో చివరిగా వాటా పొందినవారి తేదీ నుంచి కూడా నిండాలి. మీ బావమరిది రాకతో అది 2027 మార్చికి జరిగింది.

గడువు తీరినా విలువ తగాదా మిగిలే ఉంటుంది. ఈజ్‌మెంట్‌కు ముందు భూమి విలువలోంచి, తర్వాతి విలువను తీసివేస్తే వచ్చేదే డిడక్షన్ కనుక, గొడవంతా ఆ మొదటి అంకె మీదే. అక్కడ ఇళ్ల ప్లాట్లు వేయవచ్చని అప్రైజర్ రాస్తే, జోనింగ్ (స్థల వినియోగ నిబంధనలు) అందుకు ఒప్పుతుందా, నీరు, మురుగు లైన్లు ఉన్నాయా, కొనేవారున్నారా అని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అడుగుతుంది. టెనెసీలోని 652 ఎకరాల అటవీ భూమిపై టీఓటీ ప్రాపర్టీ హోల్డింగ్స్ అనే సంస్థ 69 లక్షల డాలర్ల డిడక్షన్ చూపితే, ట్యాక్స్ కోర్టు ఈజ్‌మెంట్ విలువను 4,96,000 డాలర్లుగా తేల్చింది. దస్తావేజులోని ఒక షరతు కారణంగా అసలు డిడక్షనే పోయింది. విలువను పెంచి చూపినందుకు పెనాల్టీ కూడా పడింది. 2021లో 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును సమర్థించింది. జార్జియా కూడా ఆ కోర్టు పరిధిలోనిదే.

ఆ అప్రైజర్‌ను ఎవరు పరిచయం చేశారో మీరు రాయలేదు. ఈజ్‌మెంట్లు అమ్మిపెట్టే ఏజెంటు అయితే ఆ నివేదికను పక్కన పెట్టండి. 2027లో, దానానికి 60 రోజుల ముందు తేదీకన్నా పాతది కాని కొత్త అప్రైజల్‌ను, చుట్టుపక్కల నిజంగా జరిగిన అమ్మకాల ఆధారంగా వేరొకరి చేత చేయించండి. అందులో విలువ 22 లక్షలకన్నా బాగా తగ్గితే, అంత తక్కువ విలువకు శాశ్వతంగా హక్కు వదులుకోవడం ఆరుగురికీ సమ్మతమేనా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.