బకాయి పడిన దుకాణం సాఫ్ట్‌వేర్‌కు తాళం వేయవచ్చా?

సందేహం: నేనూ నా స్నేహితుడూ కలిసి మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతున్నాం. సుమారు 400 దుకాణాలవారు వాడుతున్నారు. 2025 సెప్టెంబరు 22న మందులపై జీఎస్టీ మారినప్పుడు, కొత్త రేట్లతో అప్‌డేట్ సిద్ధం చేసి ఆ లింకును నా ఫోను నుంచే అందరికీ ఎస్ఎంఎస్ చేశాను. కిందనే ‘వార్షిక నిర్వహణ రుసుములో తగ్గింపు’ అని కూడా రాశాను. ఒకాయన, చికాకు పెట్టే సందేశం పంపారంటూ సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెడతానన్నారు. మరొకాయన తనకు సందేశమే రాలేదని, పాత రేటుతో బిల్లులు వేశానని, ఆ నష్టం మేమే భరించాలని అంటున్నారు. రుసుము కట్టనివారి సాఫ్ట్‌వేర్ దానంతట అదే ఆగిపోయేలా తర్వాతి అప్‌డేట్‌లో ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. తప్పవుతుందా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చివర్లో అడిగిన ప్రశ్నే అన్నిటికంటే ప్రమాదకరమైనది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

సాఫ్ట్‌వేర్ రాసింది మీరే. అది నడుస్తున్న కంప్యూటర్ మాత్రం దుకాణదారుది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ పనికి అంతరాయం కలిగించడాన్నీ, వాడుకునే హక్కున్న వ్యక్తికి అది అందకుండా చేయడాన్నీ తప్పుగా చూస్తుంది. జీఎస్టీ మార్పుల కోసమని నమ్మించి దింపించిన అప్‌డేట్ లోపల తాళం దాచిపెడితే, దుకాణదారు అనుమతి ఇచ్చింది అప్‌డేట్‌కే తప్ప తాళానికి కాదని ఆయన న్యాయవాది మొదటి వాయిదాలోనే అంటారు. 5 కోట్ల రూపాయలకు మించని పరిహార వివాదాన్ని రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే న్యాయనిర్ణయాధికారిగా విచారిస్తారు. మోసపూరితంగా చేశారని రుజువైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాత్రి పదింటికి బిల్లు రాక కౌంటరు ముందు నిలబడిపోయేది రోగి తాలూకు మనిషి అన్న సంగతి కూడా న్యాయమూర్తి దృష్టిలో ఉంటుంది.

అయితే ఎప్పటికీ ఆపకూడదా అంటే, మీ ఒప్పందం తీసి చూడండి. ఒక్కసారి డబ్బు తీసుకుని శాశ్వత లైసెన్సు ఇచ్చి ఉంటే, అప్పటికి ఇచ్చిన వెర్షన్ జోలికి వెళ్లవద్దు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసులో, తయారుగా ఉంచి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకు కిందికే వస్తుందని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అది పన్ను తగాదాయే, కానీ అమ్మేసిన సరుకు మీద మీకు ఎంత పట్టు మిగులుతుందో ఆలోచించుకోవడానికి పనికొస్తుంది. ఏడాది చందా పద్ధతిలో ఇచ్చి, గడువు తీరితే ఆగిపోతుందని ముందే రాసి, అవతలివారు ఒప్పుకుని ఉంటే ఆపవచ్చు. తెరమీద ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కడం ద్వారా కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన చెల్లకుండా పోదని అదే చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. అప్పుడు కూడా ముందుగా నోటీసు ఇవ్వండి, పాత బిల్లులూ నిల్వ లెక్కలూ తీసుకునే దారి తెరిచి ఉంచండి. నిర్వహణ రుసుము బాకీ ఉన్నవారికి కొత్త అప్‌డేట్లు నిలిపివేయడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. బాకీ కోసం లీగల్ నోటీసు, దావా ఉండనే ఉన్నాయి. భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మాత్రం బాకీ చూడకుండా అందరికీ ఇవ్వమని నా సలహా.

66ఏ బెదిరింపును పక్కన పెట్టండి. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. చచ్చిన పామును చూపించి భయపెట్టేవారు ఇంకా ఉన్నారు.

అలాగని మీరు సందేశం పంపిన తీరు సరైనది కాదు. సొంత పది అంకెల నంబరు నుంచి వ్యాపార సందేశాలను మూకుమ్మడిగా పంపడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలకు విరుద్ధం. 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం సందేశం అందినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చేరితే చర్య మొదలవుతుంది. మొదటిసారి అవుట్‌గోయింగ్ సేవలు 15 రోజులు ఆగిపోతాయి, మళ్లీ చేస్తే కనెక్షన్లన్నీ ఏడాదిపాటు పోతాయి. సరైన దారి, వ్యాపార సందేశాలు పంపేవారి నమోదు కోసం ఉన్న డీఎల్‌టీ వేదికలో, ఏదైనా టెలికాం సంస్థ ద్వారా, మీ వ్యాపారాన్నీ, పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌నూ, సందేశం నమూనానూ నమోదు చేసుకోవడం. 2024 అక్టోబరు 1 నుంచి, ముందుగా నమోదు చేయించని లింకు ఉన్న సందేశాలను అక్కడే అడ్డుకుంటున్నారు. కాబట్టి అప్‌డేట్ లింకునూ నమోదు చేయించాలి.

‘జీఎస్టీ మారింది, కొత్త వెర్షన్ దింపుకోండి’ అన్నది ఉన్న కొనుగోలుదారుకు ఇచ్చే సేవా సమాచారం. దాని కింద ‘తగ్గింపు’ అన్న ఒక్క ముక్క చేరగానే మొత్తం ప్రచార సందేశమైపోతుంది, ప్రచారం వద్దని 1909 నంబరు ద్వారా నమోదు చేసుకున్నవారికి పంపకూడదు. కబురు వేరుగా, బేరం వేరుగా పంపండి. వాట్సాప్‌కు ఈ ట్రాయ్ నిబంధనలు వర్తించవు, కానీ వ్యాపార సందేశాలకు ముందుగా సమ్మతి తీసుకోవాలని ఆ సంస్థ సొంత షరతు ఉంది. నన్నడిగితే వీటన్నిటికంటే మేలైనది సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే ప్రకటన. దానికి హెడరూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. కింద ‘చదివాను’ అనే మీట పెట్టి, ఎవరు ఎప్పుడు నొక్కారో మీ సర్వర్‌లో నమోదయ్యేలా చూడండి.

ఆ నమోదు విలువ రెండో ఆయన విషయంలో తెలుస్తుంది. సరైన రేటుతో పన్ను వసూలు చేయాల్సిన బాధ్యత దుకాణదారుదే. జీఎస్టీ మండలి నిర్ణయం సెప్టెంబరు 3న వచ్చింది, చాలా మందులపై 12 శాతం పన్ను 5 శాతానికి తగ్గింది. మందులు అమ్మే మనిషి అది తెలియదంటే నిలవడం కష్టం. కానీ ‘పన్ను మార్పులు ఎప్పటికప్పుడు అందిస్తాం’ అని ఒప్పందంలో మీరు రాసి ఉంటే, సకాలంలో అందించారా, తెలియజేశారా అన్న ప్రశ్న మీ వైపు తిరుగుతుంది. వ్యాపారానికి కొన్నాడు కాబట్టి వినియోగదారుడు కాడన్న వాదన మీద పూర్తిగా ఆధారపడకండి. స్వయం ఉపాధితో పొట్ట పోసుకునే చిన్న దుకాణదారుకు 2019 వినియోగదారుల చట్టం మినహాయింపు ఇచ్చింది, ఆయన రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఎస్ఎంఎస్‌లు చేరినట్టున్న వివరాలు, అప్‌డేట్‌ను ఎవరెప్పుడు దింపుకున్నారన్న సర్వర్ నమోదులు ఇప్పుడే భద్రపరచండి. వాటిని సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఫోను మార్చాను, అన్నీ పోయాయంటే ఎవరూ ఏమీ చేయలేరు.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కీలక బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆలోగా ఫోను నంబర్లు ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో రాసి సమ్మతి తీసుకోండి.

66ఏ అన్న పెద్దమనిషికి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి: ప్రచార సందేశాల జాబితా నుంచి మీ నంబరు తొలగించాం, పన్ను మార్పుల సమాచారం ఇకపై సాఫ్ట్‌వేర్ తెరమీదే కనిపిస్తుంది అని. ఆ ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి.