టెక్ సందేహాలు: నలభై ఏళ్ల మరబోటు ఇంజన్‌ను నమ్మొచ్చా?

పాత బోట్లలోని ఇన్‌బోర్డ్ ఇంజన్ల (బోటు లోపలే బిగించిన ఇంజన్ల) మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి ఈసారి జవాబులు రాస్తున్నాను. పిస్టన్లు, రింగులు అరిగిపోయి ఇంజన్ బోరుకు (సిలిండర్లు మళ్లీ తొలిపించే స్థితికి) వచ్చిందేమోనన్న భయం చాలా ఉత్తరాల్లో కనిపించింది. నా అనుభవంలో పాత ఇంజన్లు అరుగుదలతో పోయేది తక్కువ. నీళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లక కొన్ని, వెళ్లకూడని చోటికి వెళ్లి కొన్ని పాడవుతాయి. అందుకు కారణం ఎక్కువగా బయట తగిలించిన చిన్న భాగాలే.

ప్రశ్న: 1980ల నాటి డీజిల్ ఇన్‌బోర్డ్ ఉన్న బోటు బేరానికి వచ్చింది. మీటరు 1,400 గంటలే చూపిస్తోంది. తక్కువ తిరిగిన ఇంజనే కదా, కొనేయొచ్చా?

నలభై ఏళ్లలో 1,400 గంటలంటే ఏడాదికి 35 గంటలు. ఈ అంకె నాకు ధైర్యం ఇవ్వదు. నెలల తరబడి తిరగని ఇంజన్‌లో, తెరుచుకుని ఆగిపోయిన వాల్వు గుండా తడిగాలి సిలిండర్‌లోకి చేరుతుంది. గోడలకు తుప్పు పడుతుంది, రింగులు పట్టేస్తాయి. మార్చకుండా వదిలేసిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి. ఏటా 150 గంటలు తిరిగి, ఎప్పుడు ఆయిల్ మార్చారో నోటుపుస్తకంలో రాసిపెట్టి ఉన్న ఇంజన్ 5,000 గంటలు దాటినా సరే, నేను దాన్నే ఎంచుకుంటాను. పైగా మీటరు మధ్యలో మార్చి ఉండొచ్చు, వైరు ఊడి కొన్నేళ్లు ఆగిపోయి ఉండొచ్చు.

ఆ కాలపు ఇంజన్లంటే నాకు నిజంగా గౌరవం. పెర్కిన్స్ 4-108, యన్మార్ జీఎమ్ సిరీస్, పాత వోల్వో పెంటా డీజిళ్లలో ఇంజెక్షన్ పూర్తిగా మెకానికల్. కంప్యూటరు లేదు, సెన్సర్ల గొడవ లేదు. పెట్రోలు ఇంజన్లలో అటామిక్ 4 అనే 30 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. యూనివర్సల్ కంపెనీ దాని తయారీని 1947లో మొదలుపెట్టి 1980ల దాకా కొనసాగించింది. ఇప్పటికీ రోజూ తిరుగుతున్నవి ఉన్నాయి, విడిభాగాలూ దొరుకుతున్నాయి. ఒక్కో మోడల్‌కు ఒక్కో అలవాటు ఉంటుంది. పెర్కిన్స్ 4-108 క్రాంక్ వెనక సీలు దగ్గర ఆయిల్ కారడానికి పేరుపడింది. కింద ట్రేలో కాస్త ఆయిల్ కనిపిస్తే బెదరక్కర్లేదు. కానీ ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి ఆ కూలి కూడా బేరంలో కలుపుకోండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ రండి, ఎందుకంటే కంప్రెషన్ తగ్గిన ఇంజన్ తన సంగతి బయటపెట్టేది చల్లగా ఉన్నప్పుడే. మొదటి నిమిషంలో కాస్త తెల్లపొగ వస్తే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదని గానీ, సిలిండర్‌లోకి నీళ్లు చేరుతున్నాయని గానీ అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. లోడు మీద నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా ఇంజన్ మీద బరువు ఎక్కువైంది. ప్రొపెల్లర్‌కు, బోటు అడుగుకు నాచు, గుల్లలు పట్టినా ఇదే పొగ వస్తుంది. కట్టేసిన బోటులో ఐదు నిమిషాలు తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. నీళ్లలో, గేరులో, కనీసం అరగంట గట్టిగా నడిపి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఇంజన్ బ్లాకులో తిరిగేది నేరుగా సముద్రపు నీరా, లేక కూలెంటా? కూలెంటయితే సముద్రపు నీరు ఆ కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్చేంజర్ వరకే వస్తుంది, పాడైతే దాన్ని మార్చుకోవచ్చు. నేరుగా ఉప్పునీరు తిరిగితే బ్లాకు లోపలి దారులే తుప్పుతో, ఉప్పు పేరుకుని పూడుకుపోతాయి. వేడి ఎక్కువైతే ఉప్పు త్వరగా గడ్డకడుతుంది కాబట్టే ఇలాంటి ఇంజన్లకు తక్కువ డిగ్రీల థర్మోస్టాట్, సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ లోపుది పెడతారు. నలభై ఏళ్లు ఉప్పునీటితో చల్లబడిన బ్లాకును బాగా తక్కువ ధరకు వస్తే తప్ప నేను కొనను.

ప్రశ్న: నెమ్మదిగా వెళ్తే అంతా బాగుంటుంది. స్పీడు పెంచితే టెంపరేచర్ సూది ఎక్కిపోతోంది. నీళ్ల పంపులో తిరిగే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్ మార్చాను, థర్మోస్టాట్ మార్చాను. మార్పు లేదు. టెన్షన్‌గా ఉంది.

పాత ఇంపెల్లర్ తీసినప్పుడు దాని రెక్కలు లెక్కపెట్టారా? రబ్బరు ఇంపెల్లర్ నీళ్లు లేకుండా తిరిగితే నిమిషాల్లోనే కాలి ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఎక్కడికీ పోవు, పంపు దాటాక గొట్టం మలుపులోనో హీట్ ఎక్స్చేంజర్ మొదట్లోనో అడ్డుపడి కూర్చుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా తక్కువ స్పీడుకు చాలినన్ని నీళ్లే వెళ్తాయి. మీ లక్షణం అచ్చంగా ఇదే. ఎన్ని రెక్కలు పోయాయో అన్ని ముక్కలూ చేతికి దొరికేదాకా వెతకండి.

దొరికాక కూడా సమస్య పోకపోతే, నీళ్లు లోపలికి వచ్చే చోటి నుంచి బయటికి పోయేదాకా వరసగా చూడండి. స్ట్రెయినర్, పీల్చే గొట్టం, పంపు, ఎక్స్చేంజర్, ఎగ్జాస్ట్ ఎల్బో. పీల్చే గొట్టం పాతదైతే పైకి బాగానే కనిపిస్తుంది గానీ, స్పీడు పెరిగినప్పుడు లోపలి పొర ముడుచుకుని దారి మూసేస్తుంది. ఇంజన్ గట్టిగా తిరుగుతుండగా దాన్ని గమనించాలి.

నాకు ఎక్కువ అనుమానం ఎల్బో మీదే. మంటలా వేడిగా వచ్చే ఎగ్జాస్ట్‌లోకి సముద్రపు నీరు కలిసేది ఇక్కడే. మసి, ఉప్పు కలిసి రాయిలా గట్టిపడి దారి పెన్సిలంత సన్నబడుతుంది. పొగ బయటికి పోలేక ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, పవర్ తగ్గుతుంది, వేడెక్కుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలా ఎల్బోలకు లోపల ఒక గోడ, బయట ఒక గోడ. బయటిది పెయింటుతో మెరుస్తుండగానే లోపలిది చిల్లుపడి, నీళ్లు తిరిగి సిలిండర్ వైపు కారొచ్చు. అందుకే దీన్ని విప్పి లోపల చూడాలి. ఫోనుకు తగిలించే బోర్‌స్కోప్ కెమెరా ఇక్కడ బాగా పనికొస్తుంది. నేను కొన్న గాడ్జెట్లలో ఇంత ఉపయోగపడింది మరొకటి లేదు.

విప్పే ముందు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక పరీక్ష చేయండి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్లు తప్పు చూపిస్తాయి. సూది భయపెడుతున్నా కొలత మామూలుగానే ఉంటే, తప్పు వేడిని పట్టి మీటరుకు చెప్పే సెండర్‌దో, మీటరుదో అయ్యుండొచ్చు.

ప్రశ్న: డీజిల్ ఇంజన్ అందుకోవడం లేదని చాలాసేపు సెల్ఫ్ కొట్టాను. చివరికి ‘టక్’మని ఆగింది. ఇప్పుడు అసలు తిరగడమే లేదు.

దయచేసి ఇక సెల్ఫ్ ముట్టుకోకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉండొచ్చు. గాలిలా నీరు నొక్కుకుపోదు కాబట్టి, బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇలా ఎందుకైందో చెబుతాను. మీరు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ నీళ్ల పంపు తిరిగి మఫ్లర్‌లోకి నీళ్లు తోసింది. ఇంజన్ అందుకుంటే ఆ ఎగ్జాస్ట్ ఒత్తిడే నీళ్లను బయటికి తోసేసేది. అందుకోలేదు కాబట్టి మఫ్లర్ నిండి, నీళ్లు వెనక్కి ఎగదన్ని వాల్వుల గుండా లోపలికి వెళ్లాయి. ఇంజన్‌లో పెద్ద లోపమేమీ లేకపోయినా ఇలా పాడైపోవచ్చు. అందుకే నాకు ఈ ప్రశ్న మీద ఇంత ఆదుర్దా.

ఇప్పుడు ఇంజెక్టర్లు విప్పి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే, ఆయిల్, ఫిల్టర్ మార్చి కాసేపు తిప్పి మళ్లీ మార్చాలి. తెల్లదనం పోయేదాకా రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఇదంతా ఈరోజే జరగాలి. ఉప్పునీరు ఒక్క రాత్రి నిలిచినా తుప్పు మొదలవుతుంది. మీ చేతికి అలవాటు లేని పనైతే ఇవాళే మెకానిక్‌ను పిలవండి.

ఇకముందు రెండు మూడు ప్రయత్నాల్లో ఇంజన్ అందుకోకపోతే, బోటు అడుగున నీళ్లు లోపలికి తీసుకునే సీకాక్ కట్టేసి, మఫ్లర్ డ్రెయిన్ తీసి, అప్పుడు ప్రయత్నించండి. అందుకున్న మరుక్షణం సీకాక్ తెరవాలి. మర్చిపోకుండా తాళంచెవి దగ్గర చీటీ అంటించుకోండి. ఇంజన్ నీటి మట్టానికి కింద ఉంటే యాంటీ సైఫన్ వాల్వు కూడా చూసుకోండి. అది ఉప్పుతో పట్టేస్తే, ఇంజన్ ఆపేశాక కూడా నీళ్లు వాటంతటవే లోపలికి జారతాయి.

ప్రశ్న: అలలు లేనప్పుడు ఇబ్బంది లేదు, బోటు ఊగితే ఇంజన్ ఆగిపోతోంది.

ట్యాంకు అడుగున మడ్డి ఉంది. డీజిల్ కింద చేరిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురులా తయారవుతాయి. బోటు ఊగగానే అది లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఫిల్టర్ మార్చి, డీజిల్ గొట్టాల్లో చేరిన ఎయిర్ తీస్తే ఆ పూటకు గడుస్తుంది. ట్యాంకు తెరిచి కడిగితేనే సమస్య పోతుంది.

ప్రశ్న: బ్యాటరీ కొత్తదే. అయినా సెల్ఫ్ ‘టిక్’ అంటుంది, తిరగదు.

మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది స్టార్టర్ మోటారు ప్లస్ బోల్టు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో కేబుల్ గానీ, స్విచ్ గానీ, సోలనాయిడ్ గానీ కరెంటును తినేస్తోంది. మైనస్ వైపు కూడా ఇదే పరీక్ష చేయండి. పాత బోట్లలో ఇంజన్ బ్లాకుకు వచ్చే ఎర్త్ తీగ తుప్పుపట్టడం మామూలు.

ప్రశ్న: నా పెట్రోలు ఇన్‌బోర్డ్‌కు కారు ఆల్టర్నేటర్ సరిగ్గా సరిపోతోంది, చవక కూడా. వేయొచ్చా?

వేయకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. కారులో అది కిందికి జారి రోడ్డు మీదికి పోతుంది, బోటులో అడుగున నిలిచిపోతుంది. బోటు కోసం చేసిన ఆల్టర్నేటర్, స్టార్టర్, డిస్ట్రిబ్యూటర్‌లలో నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా ఏర్పాటు ఉంటుంది. కారు వాటిలో ఉండదు. బోల్టులు సరిపోయినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) తిప్పి, ఆ తర్వాత ఇంజన్ మూత తెరిచి ముక్కుతో వాసన చూడండి. పెట్రోలు వాసన తగిలితే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరినీ బోటు దింపేయండి. లీకు సంగతి ఆ తర్వాత చూడొచ్చు.