నాన్న మీద కవితలతో తొలి సంపుటి: నా అనుభవం

నాన్న పోయాక రాసుకున్న కవితలు, ఊరి మీద, ప్రేమ మీద రాసినవి అన్నీ కలిపి తొలి సంపుటి వేయొచ్చా, ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని అడిగారు. తప్పకుండా వేయొచ్చు. నేనూ అలాంటి పుస్తకమే వేశాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా కొబ్బరితోట నేలమట్టం. నాన్న స్వయంగా నాటిన చెట్లు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. అరవై దాటిన వయసులో ఆయన మళ్లీ నాటాడు గానీ కాపు చూడలేదు. అందుకే కుటుంబాన్నీ ప్రకృతినీ వేరు చేసి రాయడం నాకు రాదు.

అయినా మొదట పుస్తకాన్ని కుటుంబం, ప్రకృతి, ప్రేమ, వియోగం అని నాలుగు భాగాలు చేశాను. రాతప్రతి చదివిన ఒక పెద్దాయన ఆ విభజన తీసేయమన్నారు. పెళ్లయిన కొత్తలో రాసిన ప్రేమ కవితను తుపాను కవిత పక్కన పెట్టించారు. మా పెళ్లి పందిరికి మట్టలు ఆ తోట నుంచే వచ్చాయి. రెండూ పక్కపక్కన చదువుకుంటే నాకే గొంతు పట్టేసింది.

నాన్న మీద పదిహేడు కవితలుంటే ఆరే ఉంచాను. ‘నువ్వు లేని లోకం చీకటి’ లాంటివన్నీ తీసేశాను. అవి అబద్ధాలు కావు, కానీ ఎవరి నాన్న గురించైనా అనొచ్చు. ఉంచినవాటిలో నాకు బాగా ఇష్టమైనది ఇది:

సగం గీరిన ఈనెలు
అరుగు మీద అలాగే ఉన్నాయి
అమ్మ ఇల్లు ఊడుస్తోంది
పాత చీపురుతోనే

ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు సాయంత్రం నాన్న మట్టల నుంచి ఈనెలు తీస్తూ, ఆయాసం వచ్చి సగంలో లేచాడు. ఆ కట్టను చాలా రోజులు ఎవరం ముట్టుకోలేదు. మీరు కూడా మీ నాన్నగారి చేతిలో ఉండే వస్తువేదైనా కనిపించే కవితల్ని ముందు విడిగా తీసి పెట్టుకోండి.

మన ఇంటి దుఃఖం ఎవరికి కావాలి అన్న సంకోచం వద్దు. భార్య పోయాక విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు.

ఇక అచ్చు సంగతి. మూడు వందల కాపీలతో మొదలుపెట్టండి, నాకు అవే ఏడాదికి పైగా వచ్చాయి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు డబ్బులు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు. ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే పేజీలు మాత్రం కాగితం మీదే చూడండి. మనం మామూలుగా టైప్ చేసే యూనికోడ్ అక్షరాల నుంచి అచ్చు పేజీలు కట్టే డీటీపీ ఫాంట్‌లోకి మార్చినప్పుడు నా పుస్తకంలో ఒకచోట ‘నాన్న’కి వత్తు ఎగిరిపోయి ‘నాన’ అయింది. మూడోసారి చదివితే గానీ కనబడలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ప్రెస్‌కి ఇచ్చేముందు అన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆసుపత్రి కవిత దగ్గర ఆపింది. “అది వద్దురా. ఆయన్ని అలా ఎవరూ చూడకూడదు” అంది. కవితగా అది బాగా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. అయినా తీసేశాను. మీరూ మీ అమ్మగారికి ఒకసారి వినిపించండి.